ఫైనల్ బిల్లు నుంచి మొదలయ్యే పరిశోధన

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

నిర్మాణ వ్యయ అంచనాలను కృత్రిమ మేధతో మెరుగుపరచడం మీద పీహెచ్‌డీ చేస్తున్నవారు, చేయాలనుకుంటున్నవారు, ఆ పరిశోధనల ప్రభావం తమ పని మీద ఎలా ఉంటుందోనని ఆలోచిస్తున్నవారు ఈ మధ్య మా శీర్షికకు వరుసగా ఉత్తరాలు రాస్తున్నారు. వాటిలో ఆరింటికి ఈ నెల సమాధానాలు ఇస్తున్నాం. సమాధానాలు రాసినవారు ఉత్తర తెలంగాణ జిల్లాల్లో ముప్పై ఏళ్లపాటు భవనాల ఎస్టిమేట్లు తయారుచేసి, తనిఖీ చేసి, ఉద్యోగ విరమణ తరువాత పరిశోధక విద్యార్థులకు సలహాలిస్తున్న ఒక సివిల్ ఇంజినీరు.

ప్రశ్న: నేను ఒక ప్రభుత్వ ఇంజినీరింగ్ శాఖలో ఏఈఈగా (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా) పనిచేస్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాను. ఉమ్మడి వరంగల్ జిల్లాలో గత పన్నెండేళ్లలో కట్టిన పాఠశాలలు, హాస్టళ్లు, ఆసుపత్రులకు సంబంధించి సుమారు మూడు వందల ఎస్టిమేట్లు సేకరించాను. వీటితో న్యూరల్ నెట్‌వర్క్‌కు (పాత ఉదాహరణల నుంచి నేర్చుకునే కంప్యూటరు మోడల్‌కు) శిక్షణ ఇచ్చి, కొత్త భవనానికి అయ్యే ఖర్చును ముందుగానే చెప్పించాలని నా ఆలోచన. ఈ సమాచారం సరిపోతుందా?
— ఒక పరిశోధక విద్యార్థిని, హనుమకొండ

సమాధానం: మూడు వందల భవనాలంటే తక్కువేమీ కాదు. కానీ మీరు సేకరించినవి ఎస్టిమేట్లని రాశారు, ఖర్చులని రాయలేదు. నా సమాధానమంతా ఆ ఒక్క మాట చుట్టూనే ఉంటుంది.

మన ఎస్టిమేటు ఎలా తయారవుతుందో మీకు తెలియనిది కాదు. డ్రాయింగు చూసి ఐటెమ్‌వారీగా పరిమాణాలు తీస్తాం, వాటిని ఆ ఏటి ఎస్.ఎస్.ఆర్. (ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక) రేట్లతో గుణిస్తాం, ఇసుకకూ కంకరకూ సైటు దాకా లీడు (రవాణా దూరపు ఖర్చు) కలుపుతాం, సీనరేజి (ఇసుక, కంకర వంటి ఖనిజాలపై ప్రభుత్వ రుసుము), జీఎస్టీ, లేబర్ సెస్ వంటివి చేరుస్తాం. అంటే ఎస్టిమేటు మొత్తం అనేది పరిమాణాలకూ, రేట్లకూ, లీడు దూరానికీ మధ్య మనమే ముందుగా రాసిపెట్టుకున్న ఒక లెక్క. ఆ మొత్తాన్ని చూపించి మోడల్‌కు శిక్షణ ఇస్తే అది ఎస్.ఎస్.ఆర్.నే తిరిగి నేర్చుకుంటుంది. ఫలితాలు చాలా చక్కగా వస్తాయి, తేడా రెండు మూడు శాతానికి మించకపోవచ్చు కూడా. అయితే ఆ మోడల్ చెప్పేదంతా మీ టేబుల్ మీది ఎక్సెల్ షీటు ఇప్పటికే చెబుతున్నదే అవుతుంది. నాలుగైదేళ్ల శ్రమ అక్కడ ఆగిపోకూడదు.

మన శాఖల్లో ఒకే భవనానికి ఖర్చు అనే పేరుతో కనీసం నాలుగు అంకెలు ఉంటాయి. పరిపాలనా అనుమతి ఇచ్చినప్పటి మొత్తం ఒకటి. సాంకేతిక అనుమతి నాటి ఎస్టిమేటు మరొకటి. టెండరులో లెస్‌కో (ఎస్టిమేటుకంటే తక్కువకో) ఎక్సెస్‌కో (ఎక్కువకో) ఖరారై అగ్రిమెంటులో చేరిన విలువ మూడోది. పని ముగిశాక ఫైనల్ బిల్లులో తేలిన మొత్తం నాలుగోది. అంచనాలు ఎందుకు తప్పుతున్నాయో తెలిసేది ఈ నాలుగింటి మధ్య తేడాలను చూసినప్పుడే. కాబట్టి మీ మూడు వందల పనుల్లో ఈ నాలుగు అంకెలూ పూర్తిగా దొరికేవి ఎన్ని ఉన్నాయో ముందు లెక్కించుకోండి. అవి నూట ఇరవైకి తగ్గినా బాధపడకండి. ఫైనల్ బిల్లు ఉన్న నూట ఇరవై పనులు, ఎస్టిమేటు మాత్రమే ఉన్న మూడు వందల పనులకంటే ఎంతో విలువైనవి.

నేను దగ్గరుండి చూసిన ఒక పని చెబుతాను. పరకాల వైపు ఒక ఊళ్లో పాఠశాలకు అదనపు తరగతి గదులు మంజూరయ్యాయి. అన్ని ఊళ్లకూ ఒకే డ్రాయింగు పంపారు, పునాది లోతు మీటరున్నర అని అందులో ఉంది. గుంతలు తవ్వితే మీటరున్నర దాటినా నల్లరేగడే వచ్చింది తప్ప మొరం తగలలేదు. ఇంకా లోతుకు పోవలసి వచ్చింది. తవ్వకం పెరిగింది, నింపుడు పెరిగింది, ప్లింత్ బీము కింద కాలమ్ పొడవు పెరిగింది, దానితో సలాక పెరిగింది. సైటు కొలతలు రాసే ఎం-బుక్‌లో ఆ రోజు రాసిన పేజీ నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది: 1.50 అని రాసి, దాన్ని ఒక గీతతో కొట్టేసి, పైన 2.40 అని రాసి, పక్కన పొట్టి సంతకం చేసి ఉంది. ఆ ఊరి నేల గురించి మన శాఖకు తెలిసిన సత్యమంతా ఆ కొట్టివేతలో ఉంది. మరుసటి ఏడు అదే ఊళ్లో ఇంకో భవనానికి ఎస్టిమేటు వేసినవారు మళ్లీ మీటరున్నరే రాశారు, ఎందుకంటే పాత ఎం-బుక్ తెరిచి చూసే అలవాటు మనకు లేదు. మీ మోడల్ చేయగలిగిన గొప్ప పని ఇక్కడ ఉంది. ఏ మండలంలో, ఏ నేలలో, ఏ ఐటెమ్ ఎస్టిమేటును దాటి ఎంత పెరుగుతూ వచ్చిందో అది గుర్తుపెట్టుకోగలదు. మొత్తం ఖర్చును ఒక్క అంకెగా చెప్పించడం కంటే ఐటెమ్‌వారీ తేడాలను అంచనా వేయించడం మీద దృష్టి పెట్టమని నా సలహా.

సమాచారాన్ని శుద్ధి చేసేటప్పుడు కొన్ని చిక్కులు ఎదురవుతాయి. మొదటిది మన జిల్లా పేరే. 2016 అక్టోబరుకు ముందు కాగితాల్లో ‘వరంగల్ జిల్లా’ అని ఉంటే అందులో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగు అడవులు అన్నీ ఉన్నాయి. ఆ తరువాత వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని రెండు పేర్లు నడిచాయి. 2021లో అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లాగా, రూరల్ జిల్లా వరంగల్ జిల్లాగా మారాయి. కాబట్టి జిల్లా పేరున్న గడిని అలాగే మోడల్‌కు అందిస్తే ఒకే పేరుతో వేర్వేరు ప్రాంతాల నేలలూ లీడులూ కలిసిపోతాయి. జిల్లాను వదిలి గ్రామం, వీలైతే అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. రెండోది పన్నులు. 2017 జులై 1న జీఎస్టీ రావడంతో పన్నుల లెక్క మారింది, ప్రభుత్వ పనుల కాంట్రాక్టులలో చాలా వాటిపై ఆ పన్ను 2022 జులై 18 నుంచి 12 శాతం నుంచి 18 శాతానికి పెరిగింది. పన్ను తీసేసి పని విలువను మాత్రమే పోల్చకపోతే, పన్ను పెరుగుదలను మీ మోడల్ కట్టుబడి ఖర్చు పెరుగుదలగా నేర్చుకుంటుంది. మూడోది ధరల సూచీ. స్టీలు, సిమెంటు, కూలి ఒకే వేగంతో పెరగవు కాబట్టి పాత ఖర్చులన్నిటినీ ఒకే గుణకంతో నేటి ధరలకు తేవడం సరికాదు, ముఖ్యమైన నాలుగైదు సామగ్రులకు వేర్వేరుగా చేయండి.

ఇంకొక జాగ్రత్త అన్నిటికంటే ముఖ్యమైనది. అనుమతి ఇచ్చే రోజున ఇంజినీరుకు తెలిసిన విషయాలు మాత్రమే మోడల్‌కు తెలియాలి. పని ఎన్ని నెలలు పట్టింది, ఎన్ని అదనపు ఐటెమ్‌లు వచ్చాయి అన్నవి పని ముగిశాక తెలిసే సంగతులు. వాటిని కూడా అందిస్తే ప్రశ్నపత్రంతో పాటు జవాబులు ఇచ్చినట్టే. అలాగే మధ్యలో ఆగిపోయిన పనులకు ఫైనల్ బిల్లు ఉండదు కనుక అవి మీ జాబితాలోకి రావు, కానీ అంచనా ఘోరంగా తప్పినవి వాటిలోనే ఎక్కువ ఉంటాయి. కనీసం వాటి సంఖ్యనూ, ఆగిన కారణాన్నీ థీసిస్‌లో ఒక అధ్యాయంగా నమోదు చేయండి.

ప్రశ్న: నేను పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. నిర్మాణ ఖర్చును అంచనా వేయడానికి లీనియర్ రిగ్రెషన్, న్యూరల్ నెట్‌వర్క్, రాండమ్ ఫారెస్ట్, ఎక్స్‌జీబూస్ట్ పద్ధతులను పోల్చి చూడగా ఎక్స్‌జీబూస్ట్‌కు 96 శాతం కచ్చితత్వం వచ్చింది. థీసిస్‌కు ఇది చాలునా, లేక ఇంకా కొత్త అల్గారిథమ్ వెతకాలా?
— ఒక పరిశోధక విద్యార్థి, జగిత్యాల

సమాధానం: కొత్త అల్గారిథమ్ కోసం వెతకకండి. ఆ 96 ఎలా వచ్చిందో వెతకండి.

మీరు పనులన్నిటినీ కలిపి, చీట్లు తీసినట్టు ఎనభై శాతం శిక్షణకూ ఇరవై శాతం పరీక్షకూ విడదీసి ఉంటారని అనుకుంటున్నాను. చాలామంది అలాగే చేస్తారు. మన దగ్గర ఒకే ప్యాకేజీ కింద, ఒకే డ్రాయింగుతో పది ఊళ్లలో పది భవనాలు కడతారు. వాటిలో ఎనిమిది శిక్షణలోకి, రెండు పరీక్షలోకి వెళ్తే మోడల్‌కు పరీక్ష ఏముంది? అది చూసిన భవనాన్నే మళ్లీ చూస్తోంది. ఒక ప్యాకేజీలోని పనులన్నీ ఒకే వైపు ఉండేలా విడదీయండి. దానికంటే మేలైనది కాలం ప్రకారం విడదీయడం: 2021 వరకు ముగిసిన పనులతో శిక్షణ ఇచ్చి, ఆ తరువాత మంజూరైన పనుల మీద పరీక్షించండి. నిజ జీవితంలో ఎస్టిమేటు వేసే ఇంజినీరుకు రేపటి పనులు తెలియవు గనుక న్యాయమైన పరీక్ష అదే. మీ 96 తగ్గి 85కు వచ్చినా ఆ 85నే థీసిస్‌లో రాయండి. పరీక్షకులు దానిని గౌరవిస్తారు, నేనైతే తప్పక గౌరవిస్తాను.

రెండో విషయం, ఆ శాతం ఏ కొలత ప్రకారం లెక్కించినది అన్నది. ఎక్కువమంది సగటు శాతపు దోషాన్ని తీసి, నూటిలోంచి తీసివేసి, దానికి కచ్చితత్వమని పేరు పెడుతున్నారు. ఈ కొలతకు ఒక పక్షపాతం ఉంది. అసలు ఖర్చు 50 లక్షలైన పనికి మోడల్ కోటి రూపాయలు చెబితే దోషం 100 శాతం. అసలు ఖర్చు కోటి రూపాయలైన పనికి 50 లక్షలు చెబితే దోషం 50 శాతమే. రెండు చోట్లా తేడా 50 లక్షలే, కానీ ఎక్కువ చెప్పినందుకు పడిన శిక్ష తక్కువ చెప్పినందుకు పడిన శిక్షకు రెట్టింపు. ఈ దోషాన్ని తగ్గించడమే లక్ష్యంగా శిక్షణ పొందిన మోడల్ క్రమంగా తక్కువ వైపు మొగ్గుతుంది. ఎస్టిమేటు తక్కువ వేయడమే జబ్బుగా ఉన్న రంగంలో ఆ జబ్బును మోడల్‌కూ అంటించడం మంచిది కాదు. కాబట్టి ఎన్ని పనుల్లో అంచనా అసలు ఖర్చుకంటే తక్కువ వచ్చింది, ఎన్నింటిలో ఎక్కువ వచ్చింది, ఎన్ని రూపాయల మేరకు అన్నది విడివిడిగా చూపించండి.

మూడోది, మీ మోడల్‌ను ఎవరితో పోల్చారు? నాలుగు మోడళ్లను ఒకదానితో ఒకటి పోల్చుకోవడం ఇంట్లో పిల్లల మధ్య పందెం లాంటిది. కేంద్ర ప్రజా పనుల శాఖ ప్రకటించే ప్లింత్ ఏరియా రేట్లను (చదరపు మీటరు కట్టడానికి ఇంత అని చెప్పే రేట్లను) విస్తీర్ణంతో గుణించి, ధరల సూచీతో సవరిస్తే ఐదు నిమిషాల్లో ఒక అంచనా వస్తుంది. శాఖ ఇంజినీరు స్వయంగా వేసిన ఎస్టిమేటు ఎలాగూ ఉంది. ఈ రెండింటికంటే మీ మోడల్ ఎంత మెరుగో చెప్పినప్పుడే అది అవసరమో కాదో తేలుతుంది.

ఈ పోలికల చరిత్ర కొత్తదేమీ కాదు. 2004లో కొరియా పరిశోధకులు అక్కడి 530 నివాస భవనాల ఖర్చులను తీసుకొని రిగ్రెషన్‌ను, న్యూరల్ నెట్‌వర్క్‌ను, పాత పనుల్లో దగ్గరి పోలిక ఉన్నదాన్ని వెతికి దాని ఆధారంగా చెప్పే పద్ధతిని పోల్చారు. న్యూరల్ నెట్‌వర్క్ అంచనాలే అసలుకు దగ్గరగా వచ్చాయి. అయినా దీర్ఘకాల వినియోగానికీ, ఫలితం వెనుక ఉన్న సమాచారం కనిపించడానికీ పోలిక పద్ధతే మేలని వారు తేల్చారు. 2001లో రాండమ్ ఫారెస్ట్ మీద, 2016లో ఎక్స్‌జీబూస్ట్ మీద పరిశోధన పత్రాలు వచ్చిన తరువాత అంకెలు కొంత మెరుగుపడినా ఆ విచక్షణ పాతబడలేదు. ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) గారి ముందు కూర్చొని ‘ఈ పని ఫలానా మూడు పాత పనులను పోలి ఉంది, వాటిలో రెండింటికి పునాది ఖర్చు పెరిగింది’ అని చెప్పగలిగితే ఆయన వింటారు. ‘మోడల్ చెప్పింది’ అంటే వినరు, వినకూడదు కూడా. 2017లో వచ్చిన షాప్ (SHAP) అనే పద్ధతితో ఏ అంశం అంచనాను ఎటు లాగిందో చూపవచ్చు, కానీ అది మోడల్ ఆలోచనను వివరిస్తుందే తప్ప ఖర్చు పెరగడానికి అసలు కారణాన్ని కాదు. ఆ తేడాను థీసిస్‌లో స్పష్టంగా రాయండి.

చివరగా, ఒకే అంకె చెప్పించకండి. ‘82 నుంచి 97 లక్షల మధ్య, పదింట తొమ్మిది సార్లు’ అని చెప్పే మోడల్, ‘88.4 లక్షలు’ అని చెప్పే మోడల్‌కంటే నిజాయతీ గలది. ఆ మాట నిలిచిందో లేదో కూడా పరీక్షించవచ్చు.

ప్రశ్న: ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో అధ్యాపకుడిని. పార్ట్‌టైమ్‌గా ఈ అంశం మీద పీహెచ్‌డీ చేయవచ్చా? ఎన్నేళ్లు పడుతుంది? పత్రాలు ప్రచురించడం తప్పనిసరా?
— ఒక అధ్యాపకుడు, మంచిర్యాల

సమాధానం: చేయవచ్చు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి అనుమతి ఉంది, మీ కళాశాల యాజమాన్యం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. కోర్సువర్కుతో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మహిళలకూ, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికీ మరో రెండేళ్ల సడలింపు ఉంది. థీసిస్ సమర్పించేముందు పత్రం ప్రచురించి తీరాలన్న షరతును ఆ నిబంధనలు తొలగించాయి, అయినా విశ్వవిద్యాలయాలు సొంతంగా షరతులు పెట్టుకోవచ్చు గనుక మీరు చేరే చోట అడిగి తెలుసుకోండి. వరంగల్ ఎన్.ఐ.టి. వంటి జాతీయ సంస్థలకు వాటి నియమావళి వేరుగా ఉంటుంది. అంశం ఖరారు చేసేముందు శోధగంగ వెబ్‌సైటులో నిర్మాణ వ్యయ అంచనాల మీద వచ్చిన థీసిస్‌లను తెరిచి, వారు సమాచారం ఎక్కడినుంచి తెచ్చారన్న అధ్యాయాన్ని మాత్రం శ్రద్ధగా చదవండి.

ప్రశ్న: నేను చిన్న కాంట్రాక్టరును. మాకు వచ్చే పనుల్లో ఎస్టిమేటే తక్కువగా ఉంటోంది, పని మొదలయ్యాక మేము ఇబ్బంది పడుతున్నాం. కృత్రిమ మేధ వస్తే ఎస్టిమేట్లు సరిగా ఉంటాయా? ఒక పరిశోధకుడు నా పాత లెక్కల పుస్తకాలు అడుగుతున్నాడు, ఇవ్వవచ్చా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

సమాధానం: ఎస్టిమేటు తక్కువ కావడానికి రెండు రకాల కారణాలున్నాయి. ఒకటి తెలియక జరిగేది, పైన చెప్పిన పునాది లోతు లాంటిది. రెండోది తెలిసీ జరిగేది. మంజూరైన నిధి ఇంతే గనుక ఎస్టిమేటును అందులో ఇమిడ్చి, ముందు పని మొదలుపెట్టి, తరువాత సవరించిన అంచనా పంపుదామనుకోవడం అలాంటిదే. ఇది మన దగ్గరే ఉన్న అలవాటు కాదు. బెంట్ ఫ్లూబ్యెర్గ్ అనే డేనిష్ ఆచార్యుడు తన సహచరులతో కలిసి 20 దేశాల్లోని 258 రవాణా నిర్మాణాలను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రకటించారు. పదింట తొమ్మిదింటికి అంచనా తక్కువగా వేశారు, అసలు ఖర్చు సగటున 28 శాతం ఎక్కువైంది, రైలు మార్గాలకైతే 45 శాతం. కేవలం పొరపాట్లే అయితే కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ కావాలి. కాలం గడిచేకొద్దీ తగ్గాలి. వారు పరిశీలించిన డెబ్బై ఏళ్లలో అవి తగ్గలేదు గనుక దీన్ని పొరపాటు అనలేమని వారు వాదించారు.

మొదటి రకం తప్పును మోడల్ సరిచేయగలదు. రెండో రకాన్ని సరిచేయలేదు, కానీ దాచడం కష్టమయ్యేలా చేయగలదు. పాత పనులన్నిటి చరిత్రను ముందు పెట్టుకొని కొత్త అంచనాను సవరించే పద్ధతిని బ్రిటన్ రవాణా శాఖ 2004 నుంచి తన మార్గదర్శకాల్లో చేర్చింది. దానికి గొప్ప యంత్రాలు కూడా అక్కరలేదు, పాత లెక్కలు ఉంటే చాలు. అయితే మీరు జాగ్రత్తపడవలసిన విషయం ఒకటి ఉంది. టెండర్లలో పోటీపడి ఇరవై శాతం లెస్‌కు తీసుకున్న పనుల బిల్లులతోనే మోడల్‌కు శిక్షణ ఇస్తే, ఆ లెస్ ధరే న్యాయమైన ధర అని అది నేర్చుకుంటుంది. మీరు నష్టపోయి ముగించిన పని కూడా దానికి చౌకగా ముగిసిన పనిలా కనిపిస్తుంది.

అందుకే మీ పుస్తకాలు ఇవ్వమంటున్నాను. సెంట్రింగ్ ముఠాకు చదరపు అడుగుకు మీరు నిజంగా ఎంత ఇచ్చారు, పత్తి ఏరే కాలంలోనూ నాట్ల కాలంలోనూ కూలీలు పొలాలకు పోయినప్పుడు సైటులో కూలి ఎంత పెరిగింది, మానేరు ఇసుక దొరకని రోజుల్లో ఎక్కడినుంచి తెప్పించారు అన్నవి ఏ ఎస్.ఎస్.ఆర్.లోనూ ఉండవు. అవి మీ పుస్తకంలో పెన్సిలుతో రాసిన పద్దుల్లో ఉంటాయి. అసలు పుస్తకాలను చేతికివ్వకుండా మీ ఎదుటే ఫొటోలు తీసుకోనివ్వండి. మీ పేరు, పనివారి పేర్లు, ఫోన్ నంబర్లు తొలగిస్తామనీ, టెండరు పోటీలో ఉన్న మరెవరికీ చూపబోమనీ, పరిశోధనకే వాడతామనీ పరిశోధకుడి చేత, ఆయన గైడు చేత రాయించుకొని సంతకాలు తీసుకోండి. నడుస్తున్న పనుల లెక్కలు మాత్రం ఇవ్వకండి, ఫైనల్ బిల్లు చేతికొచ్చిన వాటినే ఇవ్వండి.

ప్రశ్న: 1,200 చదరపు అడుగుల ఇల్లు కట్టుకుందామనుకుంటున్నాం. ఫోనులోని ఏఐ చాట్‌బాట్‌ను అడిగితే సిమెంటు, స్టీలు, కూలి అన్నీ లెక్కగట్టి మొత్తం చెప్పేసింది. మేస్త్రీ చెప్పినదానికీ దానికీ చాలా తేడా ఉంది. ఎవరిని నమ్మాలి?
— ఒక గృహిణి, కాజీపేట

సమాధానం: అమ్మా, ఆ చాట్‌బాట్ మీ స్థలం చూడలేదు. అది ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడి ధరలనో, ఏయే సంవత్సరాలవో చదివి, వాటికి సగటు లాంటి జవాబు ఇస్తుంది. ఉదాహరణకు సిమెంటుపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు రాసిన వ్యాసాల ధరలూ తరువాతి ధరలూ దాని జవాబులో కలిసిపోయి ఉండవచ్చు. మొత్తాన్ని నమ్మకండి, కానీ పరిమాణాలను మీరే సరిచూడవచ్చు. 1,200 చదరపు అడుగులంటే సుమారు 111.5 చదరపు మీటర్లు. స్లాబ్ మందం 125 మిల్లీమీటర్లు, అంటే సుమారు 5 అంగుళాలు అనుకుంటే కాంక్రీటు దాదాపు 14 ఘనపు మీటర్లు అవుతుంది. ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పాళ్లలో కలిపే ఎం-20 కాంక్రీటుకు ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది. అంటే బీములు కాకుండా స్లాబ్‌కు ఇంచుమించు 112 బస్తాలు. సలాక బరువు తెలియాలంటే దాని మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని, అదే సంఖ్యతో గుణించి, 162తో భాగించండి. మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల సలాకకు అది 0.89 కిలోలు. చాట్‌బాట్ చెప్పినవీ మేస్త్రీ చెప్పినవీ ఈ లెక్కలతో పోల్చితే ఎవరు ఎక్కడ ఎక్కువ తక్కువలు చెప్పారో తెలుస్తుంది.

ధరలకు మాత్రం మీ వీధిలో గత ఏడాదిలో ఇల్లు కట్టుకున్నవారి దగ్గరికి వెళ్లండి. పునాది ఎంత లోతుకు పోయింది, గట్టి మొరం ఎక్కడ తగిలింది, బోరు ఎన్ని అడుగులకు పడింది, అనుకున్నదానికంటే ఎక్కడ ఎక్కువ అయింది అని అడిగి రాసుకోండి. ఆ కాగితాన్ని మేస్త్రీ ముందు పెట్టి మాట్లాడండి. పెద్ద పెద్ద పరిశోధకులు మోడల్ చేత చేయించాలని చూస్తున్నదీ ఇదే పనిని.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందాను. మా పాత కార్యాలయాన్ని కొత్త భవనంలోకి మారుస్తున్నారు. స్టోరు గదిలో ముప్పై ఏళ్ల ఎం-బుక్‌లు, బిల్లుల ఫైళ్లు మూటలు కట్టి ఉన్నాయి, పాత కాగితాల వాళ్లకు వేసేస్తామంటున్నారు. చేతిరాతలో ఉన్న వీటిని ఇప్పటి ఏఐ చదవగలదా? దాచడం వల్ల ప్రయోజనం ఉందా?
— ఒక పాఠకుడు, నిర్మల్

సమాధానం: మీ ఉత్తరం చదివి నాకు నిద్ర పట్టలేదు. పై పాఠకులందరూ వెతుకుతున్నది ఆ మూటల్లోనే ఉంది. దయచేసి రేపే వెళ్లి కార్యాలయ అధికారిని కలవండి. రికార్డులు ప్రభుత్వ ఆస్తి గనుక వాటిని ఇంటికి తీసుకుపోవడానికి మీకుగానీ పరిశోధకులకుగానీ హక్కు లేదు. కానీ నిబంధనల ప్రకారం కాలం తీరినవాటిని తొలగించేముందు ఫొటోలు తీసుకోవడానికి రాతపూర్వకంగా అనుమతి అడగవచ్చు. దగ్గరలోని ఏదైనా ఇంజినీరింగ్ కళాశాల సివిల్ విభాగం లేఖ జతచేస్తే అధికారికి ఒప్పుకోవడం సులభమవుతుంది.

చేతిరాత సంగతి చెబుతాను. ఇప్పటి ఏఐ మోడళ్లు చేతిరాతను, వరుసలూ గడులూ ఉన్న పేజీలను చాలావరకు చదువుతున్నాయి. కానీ ఎం-బుక్‌లో తప్పు చదివితే పట్టుకోవడానికి మనకు ఒక వరం ఉంది. ప్రతి వరుసలో సంఖ్య, పొడవు, వెడల్పు, లోతు, వాటి లబ్ధం ఉంటాయి. ఏఐ చదివిన నాలుగింటినీ గుణిస్తే ఐదోది రావాలి. రాకపోతే ఆ వరుసను మనిషి చూడాలి. పేజీ అడుగున మొత్తం, బిల్లులోకి తీసుకున్న మొత్తం కూడా ఉంటాయి గనుక మరో రెండు తనిఖీలు దొరుకుతాయి. ఇంత చక్కగా తన తప్పును తానే పట్టించే కాగితం నాకు మరొకటి కనిపించలేదు. కొట్టివేతల విషయంలో మాత్రం మీలాంటివారే కావాలి. గీత కింద ఉన్న అంకె ఎస్టిమేటుదా, పొరపాటున రాసినదా, చెక్ మెజర్‌మెంటులో (పై అధికారి తిరిగి కొలిచినప్పుడు) దిద్దినదా అన్నది ఆ సంతకాలను గుర్తుపట్టగలవారే చెప్పాలి. ఒక పరిశోధక విద్యార్థి మీ పక్కన కూర్చొని వారానికి రెండు రోజులు అడిగి రాసుకుంటే అదే ఒక థీసిస్‌కు సరిపడా పని.

ఫొటోలు తీసేటప్పుడు ముందు అట్టను, తరువాత పని పేరు, అగ్రిమెంటు నంబరు ఉన్న పేజీని, ఆపైన పేజీలన్నిటినీ వరుస తప్పకుండా తీయించండి. ఖాళీ పేజీని కూడా వదలకండి, లేకపోతే మధ్యలో పేజీ పోయిందో అసలే లేదో తరువాత తెలియదు. పక్కన స్కేలు ఒకటి పెట్టండి. పుస్తకాన్ని బలవంతంగా పూర్తిగా తెరవకండి, కుట్లు తెగిపోతాయి. తడిసి అతుక్కున్నవాటిని ఎండలో వేయకుండా నీడలో, ఫ్యాను గాలికి రెండు రోజులు ఆరనివ్వండి. అనుమతి రావడం ఆలస్యమయ్యేలా ఉంటే, అన్నిటికంటే ముందు ఫైనల్ బిల్లుల ఫైళ్లను వేరు చేసి ఒక గదిలో పెట్టించి తాళం వేయించమని అడగండి.